నీళ్ళు తాగే మందు

రూతమ్మకు తన వీపు మీది సింహాన్ని చూడాలని ఉంది.

గోడకున్న అద్దం వైపు వీపు తిప్పి, చేతిలో ఇంకో చిన్న అద్దం ఎత్తి పట్టుకుని, మెడ ఎంత తిరుగుతుందో అంతా తిప్పింది. జాజురంగు తోక ఒకటి కనిపించింది. తోక చివర కుచ్చు కూడా ఉంది. తల మాత్రం పక్కటెముకల మీదుగా చంక కిందికి తిరిగిపోయింది, అద్దానికి అందలేదు.

“జూలు వేశావా వదినా?” అని అడిగింది.

“వేశాను. కదలకు. ఆరకుండా కదిలావంటే సింహం కాస్తా పిల్లి అయిపోద్ది,” అంది సుందరమ్మ, ఎర్రమన్ను జాజు కలిపిన మూకుడులో పుల్ల ముంచుతూ.

సుందరమ్మది కుమ్మరి ఇల్లు. ఆకివీడు చుట్టుపక్కల ఎవరికి ఒంటి మీద అక్కి బొబ్బలు లేచినా ఆ అరుగు మీదికే వస్తారు. కుండలు చేయడం మానేసి ఏళ్ళయినా అక్కి రాయడం మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. కందిన చోటు చుట్టూ జాజుతో సింహాన్ని రాస్తే అక్కి ఆ గీత దాటదని నమ్మకం. రూతమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. అయినా సుందరమ్మ కోడలు వీరదుర్గ ఊరుకోలేదు. రొయ్యల షెడ్డులో రూతమ్మ పక్కనే నిలబడి పనిచేసే పిల్ల. “రా పిన్నీ, ప్రార్థన నీ దారి, సింహం మా దారి. ఏది ముందు పనిచేస్తే అది,” అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. రూతమ్మ వచ్చింది మంట తట్టుకోలేక కొంత, ఎలా రాస్తారో చూద్దామని కొంత.

“సింహమే ఎందుకు వదినా? పులి పనికిరాదా?”

“మా అత్త సింహం రాసింది. నేనూ సింహమే రాస్తన్నాను.”

“చూసి భయపడ్డానికి అక్కికి కళ్ళుంటాయంటావా?”

“నీకు నోరుంది, అది చాలు.”

వీరదుర్గ పగలబడి నవ్వింది. “షెడ్డులో ఈవిణ్ణి ప్లీడరమ్మ అంటారత్తా,” అంది. నవ్వుతూ నవ్వుతూ పొత్తికడుపు పట్టుకుని అరుగు మీద కూలబడింది. ఆ పిల్లకు కడుపు. చీర కుచ్చిళ్ళు ఇప్పుడిప్పుడే పైకి జరుగుతున్నాయి.

సుందరమ్మ మూకుడు ఎత్తుకుని లేచింది. “ఒంటికి నీళ్ళు తగలనీకు. రెండు కొసలూ కలవకుండా చూసుకో. చుట్టూ తిరిగి కలిసిందంటే మాత్రం...” అని, మిగతాది చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

సింహం రూతమ్మ భయాన్ని కొంత తినేసింది గానీ మంటను ముట్టుకోలేదు. మర్నాటికి బొబ్బలు ద్రాక్షగుత్తిలా ఉబ్బాయి. జాకెట్టు రాసుకుంటే ప్రాణం పోతున్నట్టుంది. సందు చివర ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు కొంగున ముడేసుకుని, షెడ్డుకు సెలవు చెప్పి, కైకలూరులో బస్సు మారి ఏలూరు బయల్దేరింది.

బస్సు కొల్లేటి మీదుగా పోతోంది. ముందు సంవత్సరం సర్కారు కొట్టేసిన చేపల చెరువుల గట్లు రోడ్డుకు రెండు వైపులా తెగిన తాళ్ళలా పడున్నాయి. వాటి మధ్యకి గుర్రపుడెక్క పాకివస్తోంది. ఆ గట్ల మీద పని పోయిన ఆడవాళ్ళు కూడా ఇప్పుడు ఆకివీడు షెడ్లలో రొయ్యల తలకాయలు తీస్తున్నారు. సీటుకు వీపు ఆనించకుండా కూర్చుని, తన నడుం మీదికి కూడా ఏదో అలాగే పాకుతోందని రూతమ్మ అనుకుంది. ఎక్కణ్ణించి వచ్చిందది? ఎవరికి తగిలితే తనకు అంటింది? షెడ్డులో ఎవరికీ లేదే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పేరు శాలిని. చిన్న వయసు. జాకెట్టు పైకి తీసి చూడగానే ఒక్క క్షణం ఆగింది. తిట్టబోతోందని రూతమ్మ కళ్ళు మూసుకుంది.

“ఈ సింహం ఎవరు రాశారండీ?”

“మా ఊళ్ళో కుమ్మరోళ్ళండి.”

“తల చాలా బాగా కుదిరింది.”

“జూలుందాండీ? నాకు కనపడి చావలేదు.”

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత బొబ్బల చుట్టూ తాకీ తాకకుండా చూసి, ఎప్పుడు లేచాయో అడిగింది. మూడు రోజులు దాటలేదంటే, “మంచి పని చేశారు. దీనికి మందు తొందరగా మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది,” అంది.

“ఇది ఎవరి దగ్గర అంటుకుందండీ?”

“ఎవరి దగ్గరా కాదు. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?”

“పోసిందండి. మా అమ్మ వేపాకుల్లో పడుకోబెట్టింది.”

“ఆ పురుగే ఇది. అప్పుడు తగ్గింది గానీ పోలేదు. మీ వెన్ను పక్కన ఒక నరంలో పడుకుంది. ఇప్పుడు లేచింది.”

రూతమ్మ నోరు తెరుచుకుని చూసింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మనిషి పోయాడు, సమాధి చేసి వచ్చింది. ఇంత జరుగుతుంటే అది తన లోపలే పడుకుని ఉందా! భయం కంటే ముందు ఆశ్చర్యమే వేసింది.

“చుట్టూ తిరిగి కలిస్తే పోతారంటారు...”

“ఆ నరం ఒక పక్కదే కదండీ. సాధారణంగా నడిమి గీత దాటదు. కలుస్తుందని భయపడకండి. రోజూ స్నానం చేసి శుభ్రమైన గుడ్డ కప్పుకోండి. ఆ బొబ్బల నీరు మాత్రం ఆటలమ్మ పోయనివాళ్ళకి, పసిపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి తగలనివ్వకండి.”

రూతమ్మకు వీరదుర్గ గుర్తొచ్చింది. ఆ పిల్లకు చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది, చెంప మీద మచ్చ కూడా ఉంది. ఆ సంగతి చెప్తే డాక్టరమ్మ తలూపి, ప్రశ్నలు మొదలుపెట్టింది. షుగరుందా? ఇదివరకు కిడ్నీ జబ్బేమైనా వచ్చిందా? ఇంకేం మందులు వాడుతున్నారు? రూతమ్మ కొంగు ముడి విప్పి ఆర్ఎంపీ మాత్రలు చూపించింది. “ఇవి ఆపెయ్యండి, ఈ మందుతో కలిస్తే కిడ్నీకి బరువు. నొప్పికి వేరేది ఇస్తాను,” అని, తల వంచుకుని చీటీ రాస్తూనే అడిగింది:

“పగలు ఎన్నిసార్లు ఒంటికి వెళ్తారు?”

“పొద్దున లేవగానే ఒకసారండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి.”

“మధ్యలో?”

“మధ్యలో నీళ్ళు తాగితే గదండీ.”

డాక్టరమ్మ పెన్ను ఆగింది.

“ఎందుకు తాగరు?”

ఇన్నేళ్ళలో ఆ మాట రూతమ్మను ఎవరూ అడగలేదు. అందరినీ అన్నీ అడిగే మనిషి, తనను తాను కూడా ఆ మాట అడగలేదు. ఎందుకేంటి, షెడ్డులో ఆడవాళ్ళెవరూ తాగరు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. వెనక గట్టు మీదికి పోదామంటే లారీల వాళ్ళూ ఐసు మోసేవాళ్ళూ ఎప్పుడూ అక్కడే ఉంటారు. కొత్తగా చేరిన పిల్లకు రొయ్య తల తుంచడం నేర్పినట్టే, అన్నంలో మజ్జిగ కూడా వద్దని నేర్పుతారు.

అదంతా విని డాక్టరమ్మ మాత్రల అట్ట బల్ల మీద పెట్టింది. “చూడండి. ఇది ఎసైక్లోవిర్. మంచి మందు. మేలుకుని ఉన్నంతసేపూ నాలుగ్గంటలకోసారి, రోజుకి ఐదుసార్లు వేసుకోవాలి. ఒకసారి మర్చిపోతే రెండు కలిపి వేసుకోకండి. బొబ్బలు ఎండాయి కదా అని మధ్యలో మానకండి, నేనిచ్చినన్నీ పూర్తి చెయ్యాలి. కానీ ఇది ఒంట్లో పని చూసుకుని మూత్రంతో పాటు బయటికి పోవాలి. నీళ్ళు లేకపోతే ఎలా పోతుంది?”

“ఎక్కడికి పోద్దండీ అప్పుడు?”

“కిడ్నీలో పేరుకుంటుంది. సన్న పలుకుల్లాగా.”

షెడ్డులో ఉప్పునీళ్ళ డ్రమ్ము రూతమ్మ కళ్ళముందు మెదిలింది. నీళ్ళు పోసినంతకాలం ఉప్పు కనిపించదు. ఒక్కరోజు ఎండనిస్తే చాలు, అంచు చుట్టూ తెల్లగా గరుకుగా పేరుకుంటుంది. గోళ్ళతో గీకినా రాదు.

“తెలిసిందండి,” అంది.

“ఒంటికి వెళ్ళడం తగ్గినా, నడుం వెనక నొప్పి వచ్చినా, వాంతులైనా మందు ఆపి వెంటనే రావాలి. ఇంటి దగ్గర ఉండి వాడుకోలేరా?”

“నాలుగు రోజులు కనపడకపోతే ఆ బల్ల దగ్గర ఇంకొకళ్ళు నిలబడతారండి.”

డాక్టరమ్మ రక్తం పరీక్షకు పంపి, కిడ్నీలు బాగానే ఉన్నాయని చూసుకుని, “బాగున్నవాటిని బాగా ఉంచుకోండి,” అని మాత్రం చెప్పింది.

మర్నాడు పొద్దున షెడ్డులోకి అడుగుపెట్టగానే రూతమ్మ సూపర్‌వైజరు వెంకట్రాజు దగ్గరికి వెళ్ళింది. అతను సెల్‌ఫోన్ చెవిన పెట్టుకుని ఐసు లారీని లోపలికి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

“ఏవండీ, ఆ వెనక గది తాళం కావాలండి.”

షెడ్డుకు వెనక ఒక గది ఉంది. నీలం తలుపు. తలుపు మీద ‘స్త్రీలు’ అని తెల్ల రంగుతో రాసి ఉంది. విదేశాల వాళ్ళు సరుకు కొనడానికి ముందు షెడ్డు చూసుకోవడానికొచ్చినప్పుడు హడావిడిగా కట్టారు. టైల్స్ వేశారు, కుళాయి పెట్టారు. వాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిన సాయంత్రమే తాళం పడింది. ఇప్పుడందులో థర్మాకోల్ పెట్టెలున్నాయి.

“అది స్టోర్ రూమమ్మా,” అన్నాడు వెంకట్రాజు.

“తలుపు మీద అలా లేదండి.”

“అబ్బ, ప్లీడరమ్మ వచ్చింది. నీ ఒక్కదానికిస్తే ఇంతమందికీ ఇవ్వాలి. గంటకొకళ్ళు లేచిపోతే కంటైనరు ఎవరు నింపుతారు, నువ్వా?” విసుక్కున్నాడే గానీ గొంతు పెంచలేదు. అతనెప్పుడూ గొంతు పెంచడు. ఫోను మళ్ళీ చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రూతమ్మ గౌను తొడుక్కుని, చేతికి గ్లవుజులేసుకుని బల్ల దగ్గర నిలబడింది. ఎడం చేత్తో రొయ్య నడుం, కుడి బొటనవేలు మెడ కింద. ఒక నొక్కు, ఒక తిప్పు, తల ఊడి బుట్టలోకి, ఒళ్ళు ఐసులోకి. మాత్ర వేళయినప్పుడు గ్లవుజు ఊడదీసి, ఒకే ఒక్క గుక్కతో మింగింది. గొంతు ఇంకా అడుగుతోంది. గ్లాసు బోర్లించేసింది. మధ్యాహ్నం మాత్ర కూడా అలాగే.

సాయంత్రం ఇంటి వెనక దడిలో కూర్చుంటే, వచ్చింది కొంచెమే. అదీ టీ డికాక్షన్ రంగులో ఉంది. రూతమ్మ లేవకుండా దాన్నే చూస్తూ ఉండిపోయింది. నడుం మీద చెయ్యి వేసి నొక్కుకుంది. ముందు పక్క మంట. వెనక పక్క నొప్పి ఉందా? లేదు. ఉన్నట్టుందా? లేదు. బయటికి వచ్చి చెంబు మీద చెంబు నీళ్ళు తాగింది. రాత్రి భోజనాల వేళకు రంగు తేలిక పడింది. హమ్మయ్య అనుకుంది గానీ, రేపు మళ్ళీ షెడ్డు ఉంది.

దడి అవతల నుంచి వీరదుర్గ పలకరించింది. సంగతి విని, “ఆ మందు మానెయ్యి పిన్నీ. మా అత్త సింహం ఉంది గదా,” అంది.

“సింహం స్నానానికి సగం పోయిందే. తోకే మిగిలింది.”

“పోనీ పనన్నా మానెయ్యి.”

“మానితే?”

మందు మానితే మంట, నీళ్ళు మానితే కిడ్నీ, పని మానితే బల్ల. రూతమ్మ మూడింటినీ మార్చి మార్చి చూసుకుంది. మూడింటిలో ఏది మార్చడానికి వీలుంది? మందు డాక్టరమ్మ మాట. దాహం ఒంటి మాట. తాళం ఒక్కటే మనిషి వేసింది.

మర్నాడు ఇంట్లో నూనె పోసుకునే పెద్ద ప్లాస్టిక్ టిన్ను సబ్బుతో తోమి, నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి మోసుకొచ్చింది. బల్ల కింద పెట్టుకుంది. పొద్దున మాత్రకు ఒక పెద్ద గ్లాసు, తర్వాత ఇంకోటి తాగింది. పక్కనున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు, బజార్లో ఎవరో ఆడమనిషి చుట్ట కాలుస్తుంటే చూసినట్టు. పొద్దెక్కేసరికి రూతమ్మ గ్లవుజులు విప్పి బల్ల మీద జతగా పెట్టి, వెళ్ళి నీలం తలుపు ముందు నిలబడింది.

వెంకట్రాజు వచ్చాడు. “ఏంటమ్మా ఇది?”

“ఒంటికి వెళ్ళాలండి.”

“నిన్న చెప్పాను గదా?”

“చెప్పారండి. నేను మింగే మందు నీళ్ళు తాగుద్దండి. తాగకపోతే కిడ్నీలో గడ్డకట్టుద్దని డాక్టరమ్మ చెప్పారు. నాకేమన్నా అయితే షెడ్డులోనే అవుద్ది. మీరే మోసుకెళ్ళాలి, బరువు కూడా ఉన్నాను.”

ఐసు మోసేవాళ్ళు కిసుక్కుమన్నారు. వెంకట్రాజు వాళ్ళ వైపు చూసి, ఆమె వైపు చూసి, చొక్కా జేబులోంచి తాళంచెవి తీశాడు.

“ఎన్నాళ్ళు?”

“మాత్రలు అయ్యేదాకానండి.”

“నువ్వొక్కదానివే. ఇంకెవరన్నా లోపలికెళితే ఇద్దరికీ పని ఉండదు.”

పెట్టెలు బయటికి తీయడానికి మాత్రం బల్ల దగ్గరి వాళ్ళందరూ వచ్చారు. ఒక్కొక్క పెట్టే ఎత్తుతూ లోపలికి తొంగిచూశారు. టైల్స్ మీద చెయ్యి వేసి రాసింది ఒకామె. వీరదుర్గ కుళాయి తిప్పింది. ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్ళు, తర్వాత మంచి నీళ్ళు వచ్చాయి. “పనిచేస్తందే!” అంది, ఎవరో దాచిపెట్టిన వస్తువు దొరికినట్టు.

ఆ రోజు నుంచి రూతమ్మ మెడలో తాళంచెవి దారానికి వేలాడింది. ఆమె లేచినప్పుడల్లా వెంకట్రాజు గుమ్మంలోంచి చూసేవాడు. ఆమె కూడా ఒక సంగతి చూస్తూ వచ్చింది. నీళ్ళు తాగిన రోజు మధ్యాహ్నం తలనొప్పి లేదు. ఇన్నేళ్ళూ ఐసు చలికి వచ్చే తలనొప్పి అనుకుంది. సాయంత్రం కాళ్ళ పిక్కలు పట్టెయ్యలేదు. ఒంటికి వెళ్ళినప్పుడు ఎప్పుడూ ఉండే చురుకు లేదు. ఇవి అక్కికి వేసుకున్న మాత్రల వల్లా? మాత్ర వీటికి కాదే. మరి దేనివల్ల?

బొబ్బలు మాడి పక్కు కట్టాయి. వెంకట్రాజు అది కూడా కనిపెట్టాడు. “మొహం తేటపడింది. తగ్గినట్టే గదా, తాళం ఇచ్చెయ్యి,” అన్నాడు.

“పైన ఎండిందండి. మాత్రలు మిగిలాయి. మధ్యలో మానకూడదన్నారు.”

అట్ట తీసి మిగిలిన మాత్రలు చూపించింది. అతను వాటిని లెక్కపెట్టుకుని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర వీరదుర్గ ఆమె పక్కకు జరిగింది. ముఖం పాలిపోయి ఉంది. కూర్చోవడం కూడా ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. లోపలి బిడ్డ బరువుతో ఆపుకోవడం ఆ పిల్లకు రోజురోజుకీ కష్టమవుతోంది. అందుకని పొద్దున ఇంటి దగ్గరే నీళ్ళు మానేసింది.

“పిన్నీ, ఒక మాత్ర నాకియ్యి.”

“నీకెందుకే?”

“నేనూ వేసుకుంటన్నానని రాజుగారికి చూపిస్తా. నాకూ తాళం ఇస్తాడు.”

రూతమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ పిల్ల హాస్యానికి అడగడం లేదు. చెయ్యి చాపే ఉంచింది.

“ఇది నాకిచ్చిన మందే అమ్మాయ్. నా ఒళ్ళు చూసి, రక్తం చూసి ఇచ్చింది. కడుపుతో ఉన్నదానివి, డాక్టరు చూడకుండా ఒక్క మాత్ర కూడా నోట్లో వేసుకోకూడదు. పైగా నువ్వు నీళ్ళు తాగకుండా వేసుకుంటావు.”

“వేసుకోనులే. చూపించి పారేస్తా.”

“రేపు నీ వెనక ఇంకొకతె అడుగుద్ది. అందరికీ అక్కి తెప్పించమంటావా?”

వీరదుర్గ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు తుడుచుకోకుండా అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. రూతమ్మకు డాక్టరమ్మ పెన్ను ఆగిన సంగతి గుర్తొచ్చింది. అది ఆగింది ఎప్పుడు? మాత్రల అట్ట ఇంకా బల్ల మీదికి రాలేదు. ‘మధ్యలో నీళ్ళు తాగితే గదండీ’ అని తానన్నప్పుడే ఆగింది. అక్కి లేకపోయినా ఆ పెన్ను అక్కడ ఆగేదే.

ఆఖరి మాత్ర మింగిన సాయంత్రం రూతమ్మ ఖాళీ అట్టను, తాళంచెవిని కలిపి వెంకట్రాజు చేతిలో పెట్టింది. అతను అంత తేలిగ్గా ఇస్తుందని అనుకోలేదు. “మంచిది. ఒళ్ళు జాగ్రత్త,” అన్నాడు, నిజంగానే. తలుపుకు తాళం పడింది.

ఆ సాయంత్రమే రూతమ్మ తన సందులో షెడ్డుకు వచ్చే ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. ఏమీ చెప్పలేదు. అడిగింది. “మధ్యాహ్నం తలనొప్పి వస్తదా?” “వస్తది.” “ఒంటికి వెళ్తే చురుక్కుమంటదా?” సిగ్గుపడి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, “చురుక్కుమంటది,” అన్నారు. “ఎందుకంటావు?” అని అడిగి అక్కణ్ణించి లేచేది. ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి పక్కింటికి పోయేది.

మర్నాడు రూతమ్మ మళ్ళీ టిన్ను నిండా నీళ్ళు మోసుకొచ్చింది. మాత్ర లేదు. అయినా గ్లాసు నింపుకుని తాగింది. పక్కామె గ్లాసు చాపింది. ఆమె తాగి ఇంకొకరికి అందించింది. ఐసు మీద రొయ్యలు వస్తున్నాయి, తలలు ఊడుతున్నాయి, గ్లాసు బల్ల చుట్టూ తిరుగుతోంది. వీరదుర్గ మాత్రం తీసుకోలేదు. చూస్తూ నిలబడింది.

పొద్దెక్కింది. ఒకామె గ్లవుజులు విప్పి బల్ల మీద జతగా పెట్టింది. తర్వాత ఇంకొకామె. వెంకట్రాజు ఫోను మాట్లాడుతూ వెనక్కి తిరిగేసరికి బల్లల దగ్గర ఎవరూ లేరు. నీలం తలుపు ముందు ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. కేకలు లేవు, మాటలు లేవు. రేషను కొట్టు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. బయట కంటైనరు ఇంజను ఆగకుండా మోగుతోంది. బల్లల మీద ఐసు కరిగి నీళ్ళు టపటపా కింద పడుతున్నాయి.

వరసలో మొదట ఉన్నది రూతమ్మ.

“నీ కోర్సు అయిపోయింది గదమ్మా!” అన్నాడు వెంకట్రాజు.

“అయిపోయిందండి. కిడ్నీలు ఇంకా ఉన్నాయండి.”

అతను ఆమె వెనక ఉన్న వరసను చూశాడు. కరుగుతున్న ఐసును చూశాడు. తలుపు మీది తెల్ల అక్షరాల్ని, ఇన్నాళ్ళూ చూడనట్టు, చూశాడు. తాళం తీశాడు. తాళంచెవి తిరిగి తీసుకోవడానికి చెయ్యి చాపి, వరసను ఇంకోసారి చూసి, తాళాన్నీ చెవినీ గొళ్ళేనికే వదిలేసి కంటైనరు వైపు వెళ్ళిపోయాడు.

రూతమ్మ పక్కకు తప్పుకుంది. “నువ్వెళ్ళు ముందు,” అంది వీరదుర్గతో.

ఆ పిల్ల బయటికి వచ్చేసరికి ముఖాన కొత్త రంగుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, టిన్ను వైపు చూసి, మళ్ళీ నీలం తలుపు వైపు చూసింది. అది తెరిచే ఉంది. ఇంకొకామె లోపలికి వెళ్తోంది.

రూతమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. వీరదుర్గ తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ఆపకుండా తాగింది. పట్టపగలు, షెడ్డు మధ్యలో, ఆ గొంతు కిందికీ పైకీ ఆడుతుంటే రూతమ్మ రొయ్య పట్టుకోవడం మర్చిపోయి అదే చూసింది.

వీరదుర్గ గ్లాసు దించి మూతి తుడుచుకుంది.

“ఇంకో గ్లాసు పొయ్యి పిన్నీ.”